వంకాయ మీద పడ్డ నింద

తులసమ్మ చేతి గుత్తివంకాయ ఒకసారి తిన్న చుట్టం, మళ్ళీ ఆళ్ళగడ్డకు రావడానికి ఏదో ఒక పని కల్పించుకునేవాడు. కోర్టులో వ్యాజ్యం లేనివాడు కూడా వ్యాజ్యమనే చెప్పేవాడు. వచ్చి, కాళ్ళు కడుక్కుని, పీట మీద కూర్చుని, "ఏం తల్లీ, ఈపొద్దు కూరేందీ?" అని వంటింటి వైపు మెడ సాచేవాడు. అలాంటి ఇంట్లో మూడేళ్ళపాటు వంకాయ పేరెత్తితేనే గొడవ. వంకాయ చేసిన పాపమేమిటయ్యా అంటే, ఏమీ లేదు. పాపం ఇంకొకదానిది. ఆ సంగతి తేలేలోపల తులసమ్మకు తన వంటిల్లే చెయ్యి జారిపోయేంత పని అయింది.

ఆమె పుట్టిల్లు ఆత్మకూరు. చిన్న వయసులోనే వీరభద్రయ్య శెట్టికి భార్యగా ఆళ్ళగడ్డ వచ్చింది. ఆయనకు బజారులో కిరాణా అంగడి. తులసమ్మకు చదువు పెద్దగా లేదు, పేరంటాల్లో ముందుకొచ్చి పాట పాడే చొరవా లేదు, నలుగురిలో నవ్వించే మాటకారితనమూ లేదు. దేవుడు ఆమెకు ఇచ్చిందల్లా చేతి రుచి. వేరుశనగపప్పు, నువ్వులు, ఎండుకొబ్బరి దోరగా వేయించి, రోట్లో కచ్చాపచ్చాగా దంచి, లేత వంకాయల్లో కూరి, మూకుడు మీద నీళ్ళ పళ్ళెం పెట్టి మగ్గనిచ్చేదంటే వీధి చివర నడిచేవాళ్ళు కూడా నడక తగ్గించేవాళ్ళు. అత్తగారు ఉమామహేశ్వరమ్మ నోరు తెరిచి బాగుందని అన్న పాపాన పోలేదు. కానీ ఆ కూర చేసిన రోజున, తినడం అయ్యాక, విస్తరిని రెండు వేళ్ళతో కొంచెం ముందుకు జరిపేది. ఇంకొంచెం వెయ్యమని దానర్థం. తులసమ్మకు అది చాలు. ఆ ఇంట్లో తనకూ ఒక చోటుందని ఆమెకు తెలిసేది ఆ విస్తరి కదలికతోనే.

ఒకనాటి సాయంత్రం వీరభద్రయ్య అంగడి నుంచి గోక్కుంటూ ఇంటికొచ్చాడు. అంగీ విప్పి చూస్తే ఒళ్ళంతా దద్దుర్లు, వీపు మీద ఒక్కొక్కటి అప్పడమంత.

"మధ్యాన్నం ఏం తింటివిరా?" అంది ఉమామహేశ్వరమ్మ.

"వంకాయ."

అంతే. విచారణ అయిపోయింది, శిక్ష పడిపోయింది. అసలే దురదల విషయంలో వంకాయ పాత కేడీ. ఊళ్ళో ఎక్కడ దొంగతనం జరిగినా పోలీసులు ముందు వాణ్ణే పట్టుకొస్తారు చూడండి, అట్లాగన్నమాట. ఆ రోజు నుంచి ఇంట్లోకి వంకాయ రాకూడదని ఉమామహేశ్వరమ్మ ఆజ్ఞ. తులసమ్మ సరేనంది. అత్త మాటకు ఎదురు చెప్పడం ఆమెకు పుట్టుకతో రాలేదు.

వంకాయ పోయినా దద్దుర్లు పోలేదు. మళ్ళీ లేచినప్పుడు గోంగూర మీద పడింది. ఆ తర్వాత చేమగడ్డ. ఆ తర్వాత శనగపిండి. ఎండుకొబ్బరి, నువ్వులు, ఆఖరికి ఇంగువ. ఒక్కొక్కటీ నేరం మోసి, మూటాముల్లె సర్దుకుని వంటింట్లోంచి వెళ్ళిపోయాయి. చివరికి మిగిలింది పెసరపప్పు, బీరకాయ, నీళ్ళలాంటి చారు. వ్యాజ్యాలున్న చుట్టాలు కూడా వ్యాజ్యాలు రాజీ చేసుకున్నారు. ఎవరూ రావడం లేదు.

దద్దుర్లు లేచిన ప్రతిసారీ ఇంకొక తతంగం ఉండేది. దద్దుర్లకు గొంగళి కప్పి రుద్దాలని పెద్దలు చెప్పారు కదా! ఉమామహేశ్వరమ్మ గొర్రెల కాపరి బాలస్వామికి కబురు పెట్టేది. అతను తన గొంగళితో సహా వచ్చేవాడు. అసలే ఆళ్ళగడ్డ ఎండ. అందులో గొర్రెబొచ్చు గొంగళి. దాన్ని నిండా కప్పుకుని, రెండు కళ్ళు మాత్రం బయటపెట్టి, వీరభద్రయ్య అరుగు మీద చెమటలు కక్కుతూ కూర్చునేవాడు. ఉన్న దురద చాలక గొంగళి దురద ఒకటి. బాలస్వామి పక్కనే గొంతుక్కూర్చుని, "ఈ తూరి ఏం కూర మాన్పించిరి శెట్టీ?" అని పరామర్శించేవాడు. మాన్పించడానికి ఇంకేం మిగల్లేదని తెలిసి అతనికే బాధేసింది ఒకసారి.

"మా ఇంటి జొన్నరొట్టె తెచ్చిస్తా శెట్టీ, పానం నిలబడతాది" అన్నాడు.

ఇప్పుడు అసలు దొంగ సంగతి చెప్పాలి. వీరభద్రయ్యకు ఒంటితలనొప్పి. నెలకు రెండు మూడుసార్లు కుడి కణతలో సుత్తి పెట్టి కొట్టినట్టు వచ్చేది. ఇంట్లో చెబితే తల్లి ఊరుకోదు. నెత్తి మీద ఆముదం, నుదుటికి శొంఠి పట్టు, ఎండుమిరపకాయల దిష్టి, ఆపైన మెడకు తాయెత్తు. మెడలో ఇప్పటికే ఉన్న తాయెత్తులకు దారం చాలడం లేదు. అందుకని ఆయన ఇంట్లో చెప్పకుండా, అంగట్లోనే సీసాలోంచి ఎర్ర కాగితంలో చుట్టిన తలనొప్పి మాత్ర ఒకటి తీసి, నీళ్ళతో మింగి, గల్లా పెట్టె మీద తలవాల్చి కాసేపు కళ్ళు మూసుకునేవాడు. నొప్పి తగ్గేది. పొద్దుగూకేసరికి గోకుడు మొదలయ్యేది. ఈ రెంటికీ సంబంధం ఉంటుందని ఆయనకు తట్టలేదు. తట్టనివ్వలేదు అంటే ఇంకా సరిగ్గా ఉంటుంది. ఆ మాత్రలు ఆయన అంగట్లో సరుకు. రుద్రవరం నుంచి కూడా రైతులు వచ్చి కొనుక్కుపోయే సరుకు.

ఆ నిజం శివరాత్రినాడు బయటపడింది.

శివరాత్రి అంటే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. ఉమామహేశ్వరమ్మ మంచినీళ్ళు కూడా ముట్టదు. వీరభద్రయ్య పొద్దున అంగడి తీసి, మధ్యాహ్నానికే కట్టేసి ఇంటికొచ్చాడు. వచ్చినవాడు వచ్చినట్టే గుంజకు వీపు ఆనించి పైకీ కిందకీ రుద్దుకోవడం మొదలుపెట్టాడు.

"ఈపొద్దు ఏం తింటివిరా?" అని ఉమామహేశ్వరమ్మ అలవాటు కొద్దీ అడిగింది. అడిగాక ఆమెకే గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. అంతలోనే ఇంకో దోషి దొరికింది. "పక్కింటోళ్ళు వంకాయ చేసింటారు. వాసన తగిలింటాది."

"శివరాత్రి పూట ఎవురు చేస్తారత్తా?" అంది తులసమ్మ. అన్నాక తనకే ఆశ్చర్యమేసింది, అత్తకు ఎదురు ప్రశ్న వేసింది తనేనా అని. వేసింది ఎట్లాగూ వేసింది కాబట్టి మొగుడి ముందు చతికిలబడి కూర్చుంది.

"నిజం చెప్పండి. పొద్దున్నుంచి నోట్లో ఏమేసుకున్నారు?"

"ఏమీ ల్యా. శివుని మీద ఆన."

"నీళ్ళు?"

"గుక్కెడు. మాత్ర మింగేదానికి."

"ఏం మాత్ర?"

"తలనొప్పి మాత్ర. అది తిండెట్లయితాదే? మందుకు ఉపవాసం ల్యా. శాస్త్రంలోనే చెప్పినారు."

తులసమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. మూడేళ్ళుగా ఏం తిన్నావురా అని తల్లి అడుగుతూనే ఉంది, కొడుకు చెబుతూనే ఉన్నాడు. పప్పు, కూర, చారు, మజ్జిగ, ఆఖరికి వక్కపలుకు కూడా దాచకుండా చెప్పాడు. మాత్ర మాత్రం చెప్పలేదు. మందు తిండిలో లెక్కకు రాదు గదా! ఉపవాసాలూ మడీ ఉన్న ఆ ఇంట్లో అది అందరికీ సబబుగానే ఉండేది. ఆ సబబు కింద పడి ఇన్నాళ్ళూ నలిగింది మాత్రం తులసమ్మ వంట.

"ఆ మాత్రే మీకు పడ్డం ల్యా" అంది ఆమె.

వీరభద్రయ్యకు రోషం పొడుచుకొచ్చింది. "నా అంగట్లో సరుకుకు వంక పెడతాండావా? ఎంతమంది మింగుతాండారు! ఒక్కరన్నా గోక్కున్న్యారా?"

"వాళ్ళకు పడతాది, మీకు పడదు. మా నాయనకు పాలు తాగితే వాంతి. అట్లని ఆవుదా తప్పు?"

వీరభద్రయ్య ఇంకోసారి గుంజకు వీపు రుద్దుకున్నాడు. చివరికి గొణుగుతూ ఒప్పుకున్నాడు, ఇక ఎర్రకాగితం మాత్ర ముట్టనని. ముట్టలేదు కూడా. ఫాల్గుణం పోయింది, ఉగాది వచ్చింది, ఒంటి మీద ఒక్క దద్దు లేదు. తలనొప్పి వచ్చినప్పుడు మాత్రం పాపం గోడకు తల ఆనించి మూలిగేవాడు. ఆ మూలుగు విన్నప్పుడల్లా తులసమ్మ ప్రాణం ఉసూరుమనేది. మాత్ర మానిపించింది తను. దాని బదులు ఇవ్వడానికి తన దగ్గర తడిగుడ్డ తప్ప ఏమీ లేదు. ఆ తడిగుడ్డే కణతకు వేసి కూర్చునేది.

అట్లా ఉండగా ఒక పొద్దున లేత వంకాయల గంప వీధిలోకి వచ్చింది. నీలంగా, నున్నగా, ముచ్చికలు ముళ్ళతో సహా. తులసమ్మ ఆగలేకపోయింది. అత్త వైపు చూసింది. ఉమామహేశ్వరమ్మ గోడ వైపు చూస్తూ, "నీ ఇష్టం. నాకేం తెలవదు" అంది. అది ఆమె ఒప్పుకోలు. మూడేళ్ళ తర్వాత ఆ వంటింట్లో మళ్ళీ నువ్వులు వేగాయి. వీధి వీధంతా ఘుమఘుమలాడింది. వీరభద్రయ్య మధ్యాహ్నం ఇంటికొచ్చి లొట్టలేసుకుంటూ తిని, అంగడికి వెళ్ళాడు. కొడుకు వీపు సంగతి తేలాకే రాత్రికి తింటానని ఉమామహేశ్వరమ్మ ఆ పూట కూర ముట్టలేదు.

వెళ్ళినవాడు సాయంత్రం గుడ్డతో మొహం కప్పుకుని తిరిగొచ్చాడు. గుడ్డ తీస్తే తులసమ్మ కెవ్వుమంది. ఒళ్ళంతా దద్దుర్లు సరే, ఈసారి పెదవులు బూరెల్లా ఉబ్బాయి, ఒక కన్ను పూడుకుపోయింది. అంగడికి వచ్చిన పాత ఖాతాదారు ఆయన్నే పట్టుకుని, "శెట్టి ల్యాడా అప్పా?" అని అడిగి పోయాడట.

ఉమామహేశ్వరమ్మ మొహం చూడాలి. కొడుకు బాధకు గుండె బాదుకుంటూనే, గెలిచిన కళ ఒకటి దాచుకోలేకపోయింది. "నేను చెప్పలా? నేను చెప్పలా? వంకాయ! చంపేస్తాది నా కొడుకును!"

తులసమ్మ మొగుణ్ణి లోపలికి లాక్కుపోయి అడిగింది. "మాత్ర మింగినారా?"

"ఎర్రది ముట్టలేదే! ఒట్టు. తల పగిలిపోతాంటే పచ్చకాగితంది ఏసుకుంటి. అది వేరే కంపెనీది. ఊరు గూడా వేరే" అన్నాడు ఆయన, వాచిన పెదవులతో ఒక్కొక్క మాటనూ దొర్లిస్తూ.

వేరే కాగితం, వేరే కంపెనీ. అయితే మాత్రది కాదేమో! నిజంగా వంకాయదేనేమో! ఆ అనుమానం వచ్చాక తులసమ్మకు మూకుట్లో మిగిలిన కూర వైపు చూడ్డానికి కూడా భయమేసింది. తన చేత్తోనే మొగుడికి విషం పెట్టానా అని ఏడ్చింది. ఆ కూర ఎవరూ తినలేదు. ఉమామహేశ్వరమ్మ దాన్ని పెరట్లో గుంట తీసి పాతించింది.

మర్నాడే రుద్రవరానికి కబురు పోయింది. ఉమామహేశ్వరమ్మ చెల్లెలు రామేశ్వరమ్మ అక్కడ ఉంటుంది. పిల్లలు లేరు, మొగుడు పోయాడు. "నా చెల్లెలు వచ్చి పొయ్యి కాడ ఉంటాది. నువ్వింక దేవుని సామాను తోముకో, పూలు గుచ్చుకో" అంది అత్తగారు. కోపంగా కూడా అనలేదు. పొద్దున పాలు పొంగాయని చెప్పినంత మామూలుగా అంది. తులసమ్మకు అది కోపం కంటే ఎక్కువ తగిలింది. వంట పోతే ఆ ఇంట్లో తనెవరు? పీటలు వేసే మనిషి, పీటలు తీసే మనిషి. అంతవరకూ లేని మొండితనం ఎక్కడినుంచి వచ్చిందో, కొంగు నడుముకు చుట్టి అత్త ముందుకొచ్చి నిలబడింది.

"నంద్యాల డాక్టరు కాడికి పోదాం అత్తా. వంకాయదే తప్పని ఆయన అంటే నా అంతట నేనే పొయ్యి దిగిపోతా. ఇంక ఆ గడప గూడా తొక్కను."

"నేను గూడా వస్తా. ల్యాకపోతే మీరిద్దరూ కలిసి ఏం చెప్పిస్తారో" అంది ఉమామహేశ్వరమ్మ.

అట్లా ముగ్గురూ శిరివెళ్ళ మీదుగా పోయే బస్సెక్కారు. నంద్యాలలో డాక్టరు దేవరాజు దవాఖానా ఒక పెంకుటింట్లో ఉండేది. డాక్టరు మంచివాడే కానీ నోరు గడుసు. వీరభద్రయ్యను చూడగానే నర్సు లూదియాను పిలిచి సూది వేయించి, తర్వాత అడిగాడు, ఏం జరిగిందని. ముగ్గురూ ఒకేసారి చెప్పారు. డాక్టరు చెవులు మూసుకున్నాడు.

తులసమ్మ కొంగుముడి విప్పి ఎర్రకాగితం, పచ్చకాగితం రెండూ బల్ల మీద పెట్టింది. డాక్టరు కళ్ళద్దాలు పెట్టుకుని వాటి మీది చీమంత అక్షరాలు చదివాడు.

"రెంటిలోనూ ఉండేది ఒకటే మందు. ఆస్పిరిన్."

"అదెట్లయితాది సార్? కంపెనీలు వేరే" అన్నాడు వీరభద్రయ్య.

డాక్టరు ఉమామహేశ్వరమ్మ వైపు తిరిగాడు. "ఏం పెద్దమ్మా, మీ ఇండ్లల్లో ఒకే గోత్రం వాళ్ళకు పెండ్లి చేస్తారా?"

"శివ శివా! ఇంటిపేర్లు వేరే అయినా, ఊర్లు వేరే అయినా, గోత్రం ఒకటైతే అన్నాచెల్లెలే గదా నాయనా!"

"ఇదీ అంతే. ఎర్రకాగితానిది ఒక ఇంటిపేరు, పచ్చకాగితానిది ఇంకో ఇంటిపేరు. గోత్రం ఒకటే. మీవాని ఒంటికి ఆ గోత్రమే పడదు."

దద్దుర్లంటే ఏమిటో, మందు ఒంటికి పడకపోవడమంటే ఏమిటో డాక్టరు అరగంట చెప్పినా ఎక్కేది కాదు. గోత్రమనేసరికి ఉమామహేశ్వరమ్మకు చప్పున ఎక్కింది. కొడుకు మీద ఇంతెత్తున లేచింది.

"గోత్రం అడక్కుండా మింగితివా రా?"

వీరభద్రయ్య తల వంచుకున్నాడు. అంగడి పెట్టిన నాటి నుంచి ఇంత అవమానం ఎన్నడూ జరగలేదు ఆయనకు.

"ఇంకోసారి ఆ గోత్రం ముడితే పెదవులతో ఆగదు శెట్టీ, గొంతు లోపల వాస్తాది. ఊపిరాడదు" అని డాక్టరు నవ్వు మాని చెప్పాడు. "ఆ గొంగళి గూడా తీసెయ్యండి. తడిగుడ్డ ఏస్తే చాలు. తలనొప్పికి వేరే గోత్రం మాత్ర ఉంది, పారాసిటమాల్ అని, మద్రాసు నుంచి కొత్తగా తెప్పిస్తాండా. అయితే ఇంటికి పంపించి మింగమనను. నా కళ్ళ ముందే మింగాల. ముందు ఒళ్ళు చల్లబడనీ. వచ్చే వారం రండి."

"అయితే నాయనా, వంకాయ సంగతేంది?" అంది ఉమామహేశ్వరమ్మ. అంత సులువుగా వదిలే మనిషి కాదు.

డాక్టరు తులసమ్మ మొహం చూశాడు. ఏం కనబడిందో ఏమో, "అది గూడా తీసుకురండి. దాన్నీ నా ముందే చూద్దాం" అన్నాడు.

ఆ వారం తులసమ్మకు ఎట్లా గడిచిందో ఆమెకే తెలుసు. ఇంటికి తిరిగొచ్చేసరికే రామేశ్వరమ్మ దిగబడి ఉంది, తన ట్రంకుపెట్టెతో, తన సొంత గరిటెతో. మనిషి చెడ్డది కాదు, కానీ ఆమె వండిన పప్పు గోడకు కొడితే గోడకే అంటుకునేట్టుండేది. వీరభద్రయ్య మారుమాట్లాడకుండా తిన్నాడు. ఉమామహేశ్వరమ్మ మజ్జిగ కలుపుకుని ముగించింది. నంద్యాల పోవాల్సిన పొద్దున తులసమ్మ తన వంటింటి గడప బయట నిలబడి, "ఒక్క పొయ్యి నాకియ్యి చిన్నత్తా" అని అడగాల్సి వచ్చింది. తన పొయ్యినే తను అడుక్కున్నట్టయింది.

బస్సులో గుత్తివంకాయ సర్దిన క్యారియరు చేసిన అల్లరి ఇంతా అంతా కాదు. మూత బిగించినా వాసన ఆగుతుందా? ముందు సీట్లో రైతు వెనక్కి తిరిగి, "ఎవరింట్లో పెండ్లి అప్పా?" అన్నాడు. కండక్టరు టిక్కెట్లు కొట్టడం మానేసి వీళ్ళ దగ్గరే నిలబడ్డాడు. "దవాఖానాకు తీసుకుపోతాండాం" అని వీరభద్రయ్య అంటే, "పేషెంటు అదృష్టవంతుడు" అన్నాడు కండక్టరు.

దవాఖానా వరండాలో బల్ల వేశారు. "ముందు కూర. ఆ తర్వాత మాత్ర. రెండూ కలిపి పెడితే మళ్ళా ఎవరి మీద నేరం పడతాదో" అన్నాడు డాక్టరు. వీరభద్రయ్య జొన్నరొట్టెతో గుత్తివంకాయ తిన్నాడు. చుట్టూ జ్వరం వాళ్ళు, దగ్గు వాళ్ళు, కాలు విరిగినవాడొకడు, అందరూ తమ జబ్బులు మరిచి ఆయన నోటి వైపే చూస్తున్నారు. తిన్నాక అంగీ విప్పి కూర్చోబెట్టారు. లూదియా వచ్చి వెనకా ముందూ చూసిపోయేది. ఉమామహేశ్వరమ్మ కొడుకు వీపు మీంచి చూపు తిప్పలేదు. ఒకసారి, "అదో! అదో దద్దు!" అని కేక వేసింది. డాక్టరు వచ్చి చూస్తే అది దోమ కుట్టింది. దోమ ఇంకా అక్కడే ఉంది కూడా.

తులసమ్మ ఒక స్తంభం పక్కన నిలబడి, లోపల్లోపల మహానందీశ్వరుడికి మొక్కుకుంటోంది. వీపు కనబడితే భయం, కనబడకపోతే ఇంకా భయం. పొద్దు నడినెత్తికెక్కి పక్కకు వాలింది. వీరభద్రయ్య వీపు, కడిగిన పళ్ళెంలా నున్నగా ఉంది.

"పెద్దమ్మా, వంకాయ నిర్దోషి" అన్నాడు డాక్టరు.

వరండాలో ఉన్న రోగులందరూ నవ్వారు. కాలు విరిగినవాడు చప్పట్లు కొట్టాడు. తులసమ్మ నవ్వలేదు. స్తంభాన్ని పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

అప్పటికి వీరభద్రయ్యకు, ఇంత ఎండలో ఇంత హంగామాలో కూర్చున్నందుకు, ఒంటితలనొప్పి రానే వచ్చింది. డాక్టరు కొత్త మాత్ర విరిచి ముందు చిన్న ముక్క ఇచ్చాడు. చాలాసేపు ఆగి, ఏమీ కాలేదని చూసుకుని, మిగతాది ఇచ్చాడు. మళ్ళీ వీపు పరీక్ష. మళ్ళీ నున్నగానే ఉంది. ఇంకాసేపటికి వీరభద్రయ్య కణత మీంచి చెయ్యి తీసి, చుట్టూ ఉన్నవాళ్ళను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"తగ్గిందే, తులసీ!" అన్నాడు అందరి ముందూ. ఆయన ఆమెను పేరు పెట్టి పిలవడం అత్తగారు వినడం అదే మొదలు.

"ఇది గూడా బొరుగుల మాదిరి నమలద్దు, చెప్పినంతే ఏసుకో" అన్నాడు డాక్టరు. "ఏ డాక్టరు కాడికి పోయినా ఆస్పిరిన్ నాకు పడదని ముందే చెప్పు. నీ అంగట్లో గూడా, అమ్మే ముందు అడుగు, ఇంతకు ముందు దద్దుర్లు లేచినాయా అని. నీ మాదిరోళ్ళు ఇంకా ఉంటారు."

ఆ మాట మాత్రం వీరభద్రయ్య జన్మంతా నిలబెట్టుకున్నాడు. తలనొప్పి మాత్ర అడిగిన ప్రతివాణ్ణీ ఆపి, పెళ్ళిచూపులకు వచ్చిన పెద్దమనిషిలా గుచ్చి గుచ్చి అడిగేవాడు. వాళ్ళ నొప్పి ఆ ప్రశ్నలతోనే సగం దిగేదని బాలస్వామి అనేవాడు. అదంతా తర్వాతి మాట.

ఇంటికొచ్చాక ఉమామహేశ్వరమ్మ నెత్తిన నీళ్ళు పోసుకుంది. దవాఖానాకు పోయొచ్చిన మనిషిని స్నానం చెయ్యకుండా గడప దాటనిచ్చే రకం కాదు ఆమె. అక్కడ గుక్కెడు మంచినీళ్ళు కూడా ముట్టలేదు. దవాఖానా చూసొచ్చిన క్యారియరును ఆమె లెక్క ప్రకారం చింతపండు పెట్టి తోమి, ఎండలో బోర్లించాలి. తులసమ్మ అందుకే దాన్ని పెరటి అరుగు మీదే పెట్టి, తను కూడా అక్కడే నిలబడింది. డాక్టరు తీర్పు అయితే వచ్చింది కానీ, పొయ్యి దగ్గర రామేశ్వరమ్మ ఉంది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

ఉమామహేశ్వరమ్మ విస్తరి ముందు కూర్చుంది. రామేశ్వరమ్మ పప్పు గిన్నె తెచ్చి వంగింది.

"ఉండు చెల్లీ" అంది ఉమామహేశ్వరమ్మ. పెరటి వైపు గొంతెత్తి, "తులసీ, ఆ క్యారియర్లో ఏమన్నా మిగిలిందా?"

తులసమ్మకు తను విన్నది నిజమో కాదో అర్థం కాలేదు. "రెండు కాయలుండాయి అత్తా. కానీ అది దవాఖానాకు పోయొచ్చిన..."

"పోయొస్తే ఏమాయె? నేను పోయి రాలేదా? తే, బేగా."

తెచ్చి ఒకటి వడ్డించింది. ఉమామహేశ్వరమ్మ తుంచింది, నోట్లో పెట్టుకుంది, కళ్ళు మూసుకుంది. చాలాసేపు నమిలింది. అందరూ చూస్తున్నారు. కళ్ళు తెరిచేసరికి ఆ కళ్ళల్లో నీళ్ళున్నాయి. వెంటనే కోడలి మీద విరుచుకుపడింది.

"మూడేండ్లు! మూడేండ్లు ఈ కూర నా నోటి కాడికి రానీకపోతివి గదే! నేనేందో నోటికొచ్చింది అంటా. ముసలిదాన్ని. నువ్వు తిరగబడి, లేదత్తా అనేకి నోరు ల్యాకపాయెనా నీకు?"

తులసమ్మకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఏదీ ఆపుకోలేదు.

ఉమామహేశ్వరమ్మ చెల్లెలి వైపు తిరిగి, "నువ్వు గూడా కూసో. చుట్టానివై వచ్చి పొయ్యి కాడ ఏం పని? ఈ ఇంట్లో వంటకు మనిషుంది" అంది.

అని, విస్తరిని రెండు వేళ్ళతో ముందుకు జరిపింది.